ఆకాశం రంగు ట్యాంకు

ఐదు కిలోమీటర్ల అవతల ఉన్న ఫ్యాక్టరీ పొగగొట్టం శుభ్రంగా కనిపిస్తోంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉండాల్సిన పసుపు రంగు నీళ్ళ ట్యాంకు మాత్రం కనిపించడం లేదు.

వాతావరణ కేంద్రం డాబా మీద నిలబడి మబ్బులమ్మాయి కళ్ళు నులుముకుంది. మళ్ళీ చూసింది. పొగగొట్టం ఉంది, ట్యాంకు లేదు. మధ్యాహ్నం రెండు గంటల ఎండలో ఆమెకు ఒళ్ళు చల్లబడింది.

ఆ పేరు పెట్టింది ఆఫీసు వాచ్‌మన్. ఈ పిల్ల ఎప్పుడు చూసినా పైకి చూస్తూ నడుస్తుంది, అలా నడిచి మెట్ల మీద రెండుసార్లు పడింది కూడా. పేరు ఆఫీసు గేటు దాటి వీధుల్లోకి పోయింది. ఇప్పుడు సొంత తండ్రి కూడా కోపం వస్తే అదే పేరుతో పిలుస్తాడు.

ఆమె ఉద్యోగంలో ఒక ముఖ్యమైన పని, గాలిలో చూపు ఎంత దూరం ఆనుతోందో రోజుకు నాలుగుసార్లు చెప్పడం. ఎనిమిదికి, పదకొండుకి, రెండింటికి, ఐదింటికి. దీనికో యంత్రం ఉంది గానీ అది రెండేళ్ళుగా రిపేరులో ఉంది. అందుకని రిజిస్టరు లోపలి అట్టకు ఒక జాబితా అంటించారు. సినిమా హాలు బోర్డు ఒక కిలోమీటరు, లాండ్రీ మీద పసుపు ట్యాంకు రెండు, పొగగొట్టం ఐదు, కొండ మీద టవరు పన్నెండు. ఏది కనబడితే చూపు అంత దూరం ఆనినట్టు. మామూలు కంటితోనే చూడాలి, బైనాక్యులర్స్ పెట్టుకోకూడదు. అది రూలు.

ఆ పొద్దున దుమ్ము మసకలో పొగగొట్టం కనబడలేదు. ట్యాంకూ కనబడలేదు. సినిమా హాలు బోర్డు ఒక్కటే కనబడింది. చూపు రెండు కిలోమీటర్ల లోపే అని రాసేసింది. అసలే ఈ ప్రాంతానికి వేసవి ముందస్తు అంచనా రాసింది తనే. ఎండలు మామూలు కంటే ఎక్కువ, వానలు తక్కువ, పడమటి కొండల్లో అడవులు అంటుకోవచ్చు, సీజను రెండో సగంలో ఆ పొగ ఊరి మీదికి రావచ్చు అని. రాసినవాళ్ళకి రాసిందే కళ్ళ ముందు ఆడుతుంది కాబోలు, మసక చూడగానే పొగ వచ్చేసిందనుకుంది. తొమ్మిది గంటలకల్లా ఊరంతటికీ పొగ హెచ్చరిక వెళ్ళిపోయింది.

పదకొండింటికీ మసక అలాగే ఉంది. ఇప్పుడు దుమ్ము అణిగింది. పొగా లేదు, ట్యాంకూ లేదు. ఊళ్ళో ట్యాంకులు కూడా ఎత్తుకుపోతున్నారా అనుకుంటూ ఆమె స్కూటీ తాళాలు తీసుకుని పరిగెత్తింది.

లాండ్రీలో ఒక యువకుడు దుప్పట్ల గుట్ట ముందు నిలబడి నిప్పులు చెరుగుతున్నాడు. ఎదురుగా మనిషెవరూ లేరు, తిట్లన్నీ వాషింగ్ మెషీన్ వింటోంది. అంత కోపంలోనూ అతని చొక్కాకి ఒక్క ముడత లేదు. వీధిలో అతన్ని ఇస్త్రీబాబు అనడానికి కారణం అదే.

"ఏమండీ," అంది మబ్బులమ్మాయి. "మీ డాబా మీద పసుపు ట్యాంకు ఒకటి ఉండాలి. ఏమైంది?"

"ముందు మీరు చెప్పండి. బయట పొగ కనబడుతోందా?"

"లేదు."

"నాకూ లేదు. మా నానమ్మకీ లేదు. వాతావరణ కేంద్రంలో ఎవరో మహానుభావుడికి మాత్రం కనబడిందట. పొగలో ఆరేసినవి మాకొద్దని ఆసుపత్రి వాళ్ళు రెండొందల దుప్పట్లు వెనక్కి పంపారు. అన్నీ మళ్ళీ ఉతకాలి. ఆ మహానుభావుడు గనక దొరికితే ఒక్క దుప్పటి, ఒకే ఒక్క దుప్పటి చేత్తో పిండిద్దామని ఉంది."

ఆమె గొంతు సవరించుకుంది. "మహానుభావుడు కాదండీ. ఆడమనిషి."

అప్పుడు గానీ ఆమె మెడలో వేలాడుతున్న ఆఫీసు కార్డు అతని కంటపడలేదు.

"ముందు ట్యాంకు చూపించండి," అంది ఆమె. "దుప్పటి తర్వాత పిండుతాను."

డాబా మీద ట్యాంకు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటే ఉంది. కాకపోతే లేత నీలం రంగులో, కొత్త పెయింటు వాసనతో, వెనక ఉన్న ఆకాశంలో అచ్చంగా కలిసిపోయి ఉంది.

"ఎవరు వేయమన్నారు ఈ రంగు?"

"నా ట్యాంకుకి నేను రంగు వేసుకోవడానికి గవర్నమెంటు పర్మిషన్ కావాలా?"

"కావాలి," అంది ఆమె ఏడుపు గొంతుతో. "కాదు, అక్కర్లేదు. కానీ పసుపు ఏం పాపం చేసింది?"

"పసుపు రంగంటే చిన్న పురుగులకు మహా ఇష్టం. గుంపులుగా వచ్చి వాలతాయి. పక్కనే తడి దుప్పట్లుంటే వాటికి అంటుకుంటాయి. తెల్ల దుప్పటి మీద నల్ల పురుగులుంటే ఆసుపత్రిలో ఊరుకుంటారా? అందుకని నిన్న సాయంత్రం పని అయ్యాక మార్చేశాను."

ఆమె ట్యాంకు నీడలో చతికిలబడి సంగతంతా చెప్పింది. జాబితా, రూలు, పొద్దుటి మసక, హెచ్చరిక. అతను మొదట ముఖం గంటు పెట్టుకునే విన్నాడు. సగానికొచ్చేసరికి పెదవులు బిగించాడు. చివరికొచ్చేసరికి అటు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి.

"నవ్వకండి."

"నవ్వడం లేదండీ," అంటూనే కళ్ళు తుడుచుకున్నాడు. "అంటే నా ట్యాంకు కనబడలేదని ఊరంతా కిటికీలు మూసుకుందన్నమాట."

"మీకు సరదాగానే ఉంటుంది. నా ఉద్యోగం..."

ఆ మాటతో అతని నవ్వు ఆగింది. "పోనీ ఒక పని చేద్దాం. సాయంత్రానికి మళ్ళీ పసుపు కొట్టేస్తాను. పొద్దున నిజంగానే పొగ వచ్చి పోయిందనుకుంటారు. ఎవరికీ తెలియదు."

"నాకు తెలుసు కదండీ. ఐదింటి బులెటిన్‌లో తప్పయిందని రాస్తాను."

"మీ పేరుతోనా?"

"ట్యాంకు పేరుతో రాయలేను కదా."

అతను ఆమెను ఇంకోసారి చూశాడు. ఈసారి చూపులో దుప్పట్ల కోపం లేదు. ఆమె మాత్రం లేచి, చెయ్యి చాపి, దుప్పటి ఇవ్వమంది. అన్న మాట అన్నట్టే పిండుతానంది. అతను వద్దన్నా వినలేదు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డారు. ఆమె ఎంత తిప్పినా దుప్పటి గిరగిరా తిరుగుతోందే గానీ నీళ్ళ చుక్క కారడం లేదు.

"మీరు మీ కుడివైపు తిప్పండి, నేను నా కుడివైపు తిప్పుతాను. మీరు ఎడమకి తిప్పుతున్నారు. మీ జాబితాలో కుడి ఎడమలు రాయలేదా?"

ఆమెకు కోపం రావాలి. నవ్వొచ్చింది. దుప్పటి ఒక్కసారిగా బిగిసి, నీళ్ళన్నీ ఇద్దరి కాళ్ళ మీదా పడ్డాయి.

ఐదింటి బులెటిన్‌తో ఆమె నవ్వులపాలైంది. బస్సెక్కితే కండక్టరు, "ట్యాంకు కనబడిందా అమ్మా?" అనేవాడు. ఇంట్లో ఉండేది తనూ నాన్నా ఇద్దరే. పోస్టాఫీసులో పనిచేసే ఆ నాన్న కూడా పొద్దున్నే, "ఇవాళ గొడుగు తీసుకెళ్ళనా, ట్యాంకు తీసుకెళ్ళనా?" అని అడిగాడు. పెద్దాఫీసరు గారు నవ్వలేదు. గదిలోకి పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"తప్పు ఒప్పుకున్నావు, బావుంది. కానీ మన దగ్గరున్నది మాట ఒక్కటేనమ్మా. ఇంకోసారి ఊరిని ఊరికే భయపెడితే మూడోసారి నిజం చెప్పినా ఎవరూ వినరు. మళ్ళీ ఇలా జరిగితే నిన్ను ఫోర్‌కాస్ట్ సెక్షన్‌లో ఉంచలేను. కింద రికార్డు రూములో పాత రిజిస్టర్లు సర్దాల్సిందే."

తిట్టినా బావుండేదనిపించింది ఆమెకు.

మర్నాడు పదకొండింటికి డాబా ఎక్కేసరికి లాండ్రీ మీద ఎర్రటి చుక్క కళ్ళలో పొడిచినట్టు కనబడింది. సాయంత్రం వెళ్ళి చూస్తే ట్యాంకుకి ఆఫీసు వైపు సగం ఎరుపు, దుప్పట్ల వైపు సగం నీలం. పురుగులకు ఎరుపు పట్టదట, కనుక్కున్నానన్నాడు ఇస్త్రీబాబు. ఎవరినడిగి కనుక్కున్నాడో చెప్పలేదు. మూడు డబ్బాలు కొని మూడు రంగులూ అట్టల మీద పూసి, పగలంతా ఎండలో పెట్టి చూశాడని అతని నానమ్మ లోపలి గదిలోంచి కేకేసి బయటపెట్టింది.

ఆ తర్వాత ట్యాంకు సరిగ్గా ఉందో లేదో చూసి రావడం మబ్బులమ్మాయికి రోజూ ఉండే పనైపోయింది. అంత పెద్ద ట్యాంకుకి రోజూ ఏమవుతుందని ఎవరూ అడగలేదు. పక్క డాబా మీద బట్టలారేసుకునే టైలరు గారి భార్య మాత్రం నోరు నొక్కుకుని లోపలికి వెళ్ళిపోయేది.

"ఒక మాట అడగనా?" అన్నాడు ఇస్త్రీబాబు ఒకరోజు. "ఎనిమిదికి, పదకొండుకి, రెండింటికి, ఐదింటికి మీరు ఇటే చూస్తారు కదా."

"అవును."

"నేను ఆ నాలుగు పూటలా మంచి చొక్కా వేసుకుని ఇక్కడ నిలబడుతున్నాను. తల కూడా దువ్వుకుంటున్నాను."

ఆమె పడీపడీ నవ్వింది. "రెండు కిలోమీటర్లండీ. మామూలు కంటికి ట్యాంకే కందిగింజంత కనబడుతుంది. మీరెక్కడ కనబడతారు?"

అతని ముఖం వాడిపోయింది. నెలరోజులుగా దువ్విన తల ఒక్కసారి నిమురుకున్నాడు.

ఆమె మెట్లు దిగుతూ, వెనక్కి తిరగకుండానే అంది. "అది రాయకముందు రూలు. రాసేశాక బైనాక్యులర్స్ పెట్టుకోకూడదని ఎక్కడా లేదు. నిన్నటి గళ్ళ చొక్కా మీకు నప్పలేదు."

ఆ గళ్ళ చొక్కా మళ్ళీ ఎవరికీ కనబడలేదు.

ఇద్దరి మధ్యా మాటలు ఎన్ని నడిచినా చివరికి నానమ్మ దగ్గరికే చేరేవి. ఆవిడకి ఉబ్బసం. అతన్ని చిన్నప్పటి నుంచి పెంచింది ఆవిడే. కిందటి వేసవిలో చిన్నపాటి పొగకే వారం రోజులు ఆసుపత్రిలో ఉండాల్సివచ్చింది. ఈసారి పొగ రాకముందే సముద్రం పక్కన ఊళ్ళో ఉన్న మనవరాలి ఇంటికి పంపేయమని, వచ్చాక కదిలిస్తే ప్రమాదమని డాక్టరు గట్టిగా చెప్పాడు. నానమ్మ కదిలే రకం కాదు. "ట్యాంకే ఆనని పిల్లకి పొగ ఏం ఆనుతుందిరా?" అనేది. మనవడికి అది చురుక్కుమనేది, మబ్బులమ్మాయికి ఇంకా ఎక్కువ.

వేసవి నడినెత్తికి వచ్చింది. ఒక ఆదివారం పడమటి కొండల్లో అడవి అంటుకుంది. ఊరి నుంచి చూస్తే కొండల వెనక గోధుమరంగు మసక ఒకటి లేచి అటువైపే పోతోంది. గాలి అటు వీస్తోంది కాబట్టి ఊరు హాయిగా ఉంది. పొగ అవతలి జిల్లాల వాళ్ళ కష్టమనుకుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

మంగళవారం సాయంత్రం ఇస్త్రీబాబు ఆఫీసు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"గాలి తిరుగుతుందా?" అన్నాడు, ముందూ వెనకా ఏమీ లేకుండా.

ఆమె మ్యాపులు పొద్దుటి నుంచీ ఆ మాటే చెబుతున్నాయి. శుక్రవారానికి తిరిగేలా ఉంది. కానీ పెద్దాఫీసరు గారు ఇంకో రోజు చూద్దామన్నారు.

"బులెటిన్‌లో వచ్చేదాకా ఏమీ చెప్పలేనండీ."

"ఊరికి కాదు. నాకు. మా నానమ్మ కోసం."

"మీకు చెబితే టైలరు గారి భార్య ఏం పాపం చేసింది? ఆవిడకీ ఊపిరితిత్తులున్నాయి. చెబితే అందరికీ ఒకేసారి చెప్పాలి."

"అందరూ, నేనూ ఒకటేనా మీకు?"

దానికి ఆమె దగ్గర జవాబుంది. అది గేటు దగ్గర నిలబడి చెప్పే జవాబు కాదు. ఏం చెప్పాలో కూడగట్టుకునే లోపల అతను, "సరే, తెలిసింది," అని వెళ్ళిపోయాడు. నడకలో కూడా కోపం తెలుస్తోంది. ఆ రాత్రి ఆమెకు నిద్ర లేదు. ఒక ముసలావిడ ఊపిరి, ఒక మనిషి స్నేహం, తన ఉద్యోగం, మూడూ ఒకే గాలి మీద ఆధారపడి ఉన్నాయి.

బుధవారం ఆమె మ్యాపులన్నీ పెద్దాఫీసరు గారి బల్ల మీద పరిచి, మధ్యాహ్నం దాకా కదలలేదు. ఆయన తల ప్రాణం తోకకొచ్చింది.

"సరే, ఇవ్వు," అన్నారు చివరికి. "సంతకం మాత్రం నీదే."

ఐదింటికి బులెటిన్ వెళ్ళింది. శుక్రవారం నుంచి ఊరి మీదికి దట్టమైన పొగ, శ్వాస ఇబ్బంది ఉన్నవాళ్ళు గురువారం లోపల వేరే చోటికి వెళ్ళడం మంచిది, కిటికీలు మూసుకోవాలి, బట్టలు లోపలే ఆరేసుకోవాలి. కింద ఆమె పేరు. ఆ పేరు చూడగానే ఊరు మళ్ళీ నవ్వింది. "ఈసారి ఎవరి ట్యాంకు పోయిందో," అన్నాడు కండక్టరు.

గురువారం పొద్దున ఆమె తిన్నగా లాండ్రీకి వెళ్ళింది. ఇస్త్రీబాబు తలుపు తీసి, "లోపల ఉంది," అని పక్కకి జరిగాడు. నానమ్మ మంచం మీద కూర్చుని దిండు గలీబులు మడతపెడుతోంది. పక్కన మందు పీల్చే గొట్టం ఉంది.

"నువ్వేనా రోజూ ట్యాంకు కోసం వచ్చే పిల్లవి? పైకెళ్ళి కిందికొస్తావే గానీ ఈ గదిలోకి రావు. కూర్చో. మావాడు రెండు రోజుల నుంచి నీ మాటెత్తడం లేదు. అంతకుముందు ఇంకో మాటెత్తేవాడు కాదు. ఏమన్నావు వాణ్ణి?"

"ముందుగా చెప్పమన్నారండీ. చెప్పనన్నాను."

"ఇప్పుడు నాకు చెప్పు."

మబ్బులమ్మాయి ఒక దిండు గలీబు పరిచి వేలితో గీసి చూపించింది. ఇవి కొండలు, ఇది మంట, ఇది మన ఊరు. ఇన్నాళ్ళూ గాలి ఇలా వెళ్ళింది, రేపు ఇలా వస్తుంది. నానమ్మ కళ్ళు చిట్లించి శ్రద్ధగా చూసింది.

"తప్పైతే?"

"తప్పైతే మీరు నాలుగు రోజులు మనవరాలి ఇంట్లో ఉండి వస్తారు. నన్ను రికార్డు రూములో వేస్తారు."

"ఒప్పైతే?"

"ఒప్పైతే ఈ గదిలో మీకు ఊపిరాడదండీ."

గుమ్మం దగ్గర నిలబడ్డ మనవడు తల దించుకున్నాడు. నానమ్మ గలీబు మీద గీతలున్న చోటనే కాసేపు చూసింది. గీతలేమీ కనబడవు, అయినా చూసింది.

"నీకు భయంగా ఉందా?"

"చాలా."

"మా డాక్టరు నవ్వుతూ చెబుతాడు. అందుకే నాకు వినబుద్ధి కాదు. ఒరేయ్, నా పెట్టె దించు."

మధ్యాహ్నం రైలుకి నానమ్మ వెళ్ళిపోయింది. స్టేషన్‌కి ఇస్త్రీబాబు ఒక్కడే వెళ్ళాడు. వెళుతూ మబ్బులమ్మాయికి ఒక నమస్కారం పెట్టాడు. పరాయివాళ్ళకి పెట్టే నమస్కారం అది.

శుక్రవారం తెల్లారింది. ఆకాశం కడిగినట్టుంది.

ఎనిమిదింటికి డాబా ఎక్కితే సినిమా హాలు బోర్డు, ఎర్ర ట్యాంకు, పొగగొట్టం, కొండ మీద టవరు, అన్నీ వరసగా కనబడ్డాయి. పన్నెండు కిలోమీటర్లు. కింద ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. "పొగ ఏ బస్సుకి వస్తోందండీ?" అని ఒకాయన అడిగాడు. పెద్దాఫీసరు గారు ఆమె బల్ల పక్క నుంచి రెండుసార్లు నడిచారు. నాన్న కూడా పొద్దున ఇంటి కిటికీలన్నీ బార్లా తెరిచి ఆఫీసుకి వెళ్ళాడు.

పదకొండింటికి మళ్ళీ డాబా ఎక్కింది. మళ్ళీ పన్నెండు కిలోమీటర్లు. ఒక్కటే తేడా, గాలి పూర్తిగా ఆగిపోయింది. జెండా కర్రకున్న గుడ్డ కదలడం లేదు. తిరగబోయే గాలి ముందు ఆగుతుంది, అది ఆమెకు తెలుసు. ఆ సంగతి ఊరికి ఎలా చెప్పడం?

రాయడం అయ్యాక బైనాక్యులర్స్ తీసింది. ఊళ్ళో డాబాలన్నీ బట్టలతో నిండిపోయి ఉన్నాయి. ఇంత మంచి ఎండ మళ్ళీ దొరకదన్నట్టు అందరూ దులిపి మరీ ఆరేశారు. టైలరు గారి డాబా మీద అయితే కర్టెన్లు కూడా ఉన్నాయి.

దాని పక్కనే లాండ్రీ డాబా. పన్నెండు తీగలు ఈ చివరి నుంచి ఆ చివరికి బిగించి ఉన్నాయి. వాటి మీద ఒక్క దుప్పటి లేదు. ఒక్క చేతిరుమాలు లేదు. ఊరంతా ఎండని వాడుకుంటుంటే, ఎండతో బతికే ఆ ఒక్క డాబా ఖాళీగా ఉంది.

ఆమె చూస్తూనే ఉండిపోయింది. అద్దాలు మసకబారాయి. తుడిచింది, మళ్ళీ మసకబారాయి. అప్పటికి గానీ మసక అద్దాల్లో లేదని తెలియలేదు.

పన్నెండున్నరకి లాండ్రీ తలుపు తోసి లోపలికి వెళితే దారి లేదు. ఎటు చూసినా దుప్పట్లే. హాల్లో తాళ్ళు, వంటింట్లో తాళ్ళు, నానమ్మ మంచం మీదుగా తాళ్ళు. ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి. తడి తెరలు ఒక్కొక్కటే తప్పించుకుంటూ వెళితే, నాలుగోదాని వెనక ఇస్త్రీబాబు ఉన్నాడు.

"బయట ఎండ మండిపోతోంది," అంది. "ఇవన్నీ ఇక్కడెందుకు?"

"లోపల ఆరేసుకోమన్నారుగా. బులెటిన్‌లో."

"ఇవాళ ఆకాశం చూశారా?"

"లేదు. చూసేవాళ్ళు వేరే ఉన్నారు కదా అని చూడలేదు."

"ఊరంతా నవ్వుతోంది."

"తెలుసు. టైలరు గారి భార్య పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగింది, డాబా ఖాళీగా ఉంది కదా, మా దుప్పట్లు కూడా ఆరేసుకోమంటావా అని." అతను చేతిలో ఉన్న దుప్పటి అంచు సరిచేశాడు. సరిగ్గానే ఉన్నదాన్ని మళ్ళీ సరిచేశాడు. "కోపం ఆ రాత్రే పోయిందండీ. పోయిందని చెప్పడానికి మొహం చెల్లలేదు. ఊరందరికీ ఒకే మాట చెప్పే మనిషి నాకు ఎప్పుడూ అబద్ధం చెప్పదు కదా అనిపించింది. స్టేషన్‌లో నానమ్మతో అన్నాను. ఇది నాతో కాదు, ఆ పిల్లతో చెప్పు అంది. అందుకే ఆ నమస్కారం పెట్టిన చేతులు నరుక్కోవాలనిపించింది."

"పొగ రాకపోతే ఏం చేస్తారు?"

"రాకపోతే దుప్పట్లు రేపటికి ఆరతాయి. నేను మంచి చొక్కా వేసుకుని రోజూ రికార్డు రూముకి వస్తాను. నాలుగు పూటలా. నువ్వంటే నాకు ఇష్టం." అని, ఒక్క క్షణం ఆగి, "మీరంటే," అని సర్దుకోబోయాడు.

ఆమె నవ్వబోయి ఏడ్చేసింది. పక్కనే ఆసుపత్రి దుప్పటి ఉంది కాబట్టి దానితోనే కళ్ళు తుడుచుకుంది.

"అది మళ్ళీ ఉతకాలి," అన్నాడు అతను మెల్లగా.

"ఉతకండి. ఒక మాట చెబుతాను. పొగ వచ్చాక చెబితే గెలిచిన సంతోషంలో చెప్పాననుకుంటారు. రాకుండా పోయాక చెబితే దిక్కులేక చెప్పాననుకుంటారు. అందుకని ఇప్పుడే చెబుతున్నాను. నాకూ ఇష్టం. ఆ రోజు గేటు దగ్గరే చెప్పాల్సింది, అందరూ మీరూ ఒకటి కాదని."

అతనికి ఏం చెయ్యాలో తెలియలేదు. దుప్పటి వదిలేశాడు, అది నేల మీద పడింది. దాన్ని తియ్యడానికి ఇద్దరూ వంగారు. ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. నొప్పికి ఆమె, సంతోషానికి అతను, కాసేపు అలాగే కింద కూర్చుండిపోయారు.

మొదట గమనించింది ఆమే. కిటికీ వైపున్న దుప్పటి తెల్లగా లేదు. టీ ఒలికినట్టు ఉంది. పక్కది కూడా అలాగే ఉంది. వెలుగే రంగు మారింది. తలుపు తీసేసరికి కాలిన ఆకుల వాసన గుప్పుమంది. పడమటివైపు ఇళ్ళ మీద నుంచి గోధుమరంగు మసక నెమ్మదిగా దిగుతోంది. డాబాల మీద జనం కేకలేస్తూ బట్టలు లాగేసుకుంటున్నారు.

"నేను రెండింటికి డాబా మీద ఉండాలి," అంది ఆమె.

"నేను టైలరు గారి కర్టెన్లు దించాలి," అన్నాడు అతను. ఒకరు స్కూటీ వైపు, ఒకరు మెట్ల వైపు పరిగెత్తారు.

ఆఫీసు డాబా మీద పెద్దాఫీసరు గారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ట్యాంకు కనబడడం లేదమ్మా," అన్నారు. "ఉన్నమాట నిజమేనా?"

"ఉందండీ. ఇప్పుడే దాని పక్క నుంచి వచ్చాను. ఎర్రగానే ఉంది."

ఆయన ఆమె పేరు కింద తన సంతకం కూడా పెట్టారు.

సాయంత్రానికి ఊరు మూసిన గదిలా అయిపోయింది. కండక్టరు ఫోన్ చేసి, ఆస్తమా ఉన్న తన కూతురిని గురువారమే పంపేశాననీ, నవ్వినందుకు ఏమనుకోవద్దనీ చెప్పాడు. నవ్వినవాళ్ళలో విన్నవాళ్ళు కూడా ఉన్నారని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆరింటికి ఇస్త్రీబాబు మాస్కు పెట్టుకుని ఆఫీసుకి వచ్చాడు. ఫోను ఆమె చేతిలో పెట్టాడు.

"ఏమ్మా, వచ్చిందట కదా," అంది నానమ్మ.

"వచ్చిందండీ. మీకెలా ఉంది?"

"ఇక్కడ గాలి హాయిగా ఉంది. మునిమనవలే ఊపిరి తీసుకోనివ్వడం లేదు. అది సరే, మావాడు ఇంకో సంగతి కూడా చెప్పాడు. నిజమేనా?"

మబ్బులమ్మాయి అతని వైపు చూసింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. అవి పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డవాడి కళ్ళలా ఉన్నాయి.

"నిజమేనండీ."

"మంచిది. ఇంతకీ ఆ పొగ ఎన్నాళ్ళుంటుంది?"

"గాలి మళ్ళీ తిరగాలండీ. పన్నెండు రోజులు పట్టొచ్చు. కచ్చితంగా అయితే..."

"పన్నెండు అన్నావు కదా. పదమూడో రోజు పొద్దుటి రైలుకి టికెట్ తియ్యమని వాడికి చెప్పు. స్టేషన్ నుంచి తిన్నగా మీ ఇంటికే వస్తాను. ఆ రోజు మీ నాన్నగారిని సెలవు పెట్టుకోమను."

"నానమ్మగారూ, ఒకవేళ అప్పటికీ పొగ పోకపోతే?"

"నువ్వు చెప్పాక ఎందుకుంటుంది?" అని నానమ్మ ఫోను పెట్టేసింది.